బొగ్గుకు కట్టిన పెట్టె

ఇల్లాలికి,

ఇక్కడ నేనూ బొగ్గూ తిని తిరుగుతున్నాం. మరదలు మంచం మీద కాస్త లేచి కూర్చుంటోందని పక్కింటి దర్జీ చెల్లెమ్మ చెప్పింది. ఆవిడ తన ఫోను నా చెవికి ఆనించినప్పుడల్లా "ఊఁ", "సరే" తప్ప నాకు మాట పెగలదు. చెప్పాల్సిందంతా నేను ఆవిడ గుమ్మం దిగాక గుర్తొస్తుంది. అందుకని రాస్తున్నాను. నాది ఊరిబడి చదువు. తప్పులుంటే అక్కచెల్లెళ్ళిద్దరూ నవ్వుకోండి.

వెళ్ళేటప్పుడు నువ్వు ఒక మాట అని వెళ్ళావు. "బొగ్గును తీసుకుని వెనకే వచ్చెయ్యండి" అని. వెనకే తెచ్చెయ్యడానికి అదేమన్నా గొడుగా?

నేను మరదలుండే ఆ దేశం రావడానికి ఏమడిగారు? పాస్‌పోర్టు, ఫోటో. వేలు పెట్టమన్నారు, పెట్టాను. నల్లగా ఓ మూల పడుండే కుక్క రావడానికి ఏం కావాలో చెప్పమంటే, పశువుల ఆఫీసులో కాగితాలు చూసే ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. బెంచీ వేడెక్కిందే గాని ఆవిడ చెప్పడం అవలేదు. మెడ వెనక చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టించాలట. అందులో దాని నంబరు ఉంటుందట. తర్వాత పిచ్చికుక్క రోగానికి సూది. ఇన్నేళ్ళూ ఏటేటా వేయించినవి లెక్కలోకి రావట. తర్వాత నెల ఆగి రక్తం తీసి, వాళ్ళు ఒప్పుకున్న లాబుకే పంపాలట. మన వీధి చివర లాబు పనికిరాదట. రక్తం బాగానే ఉందని చీటీ వచ్చాక, అప్పుడు మూడు నెలలు ఆగాలట.

"చీటీ వచ్చాక కూడా ఎందుకమ్మా ఆగడం?" అన్నాను.

"రోగం లోపల దాక్కుని ఉంటే బయటపడాలి కదా, తాతగారూ."

"నాలో దాక్కున్నవి చాలా ఉన్నాయి. నన్ను ఆపరా?"

"మీరు మనిషి కదండీ" అంది. నవ్వనైనా నవ్వలేదు.

జాతి ఏమిటని అడిగింది. వీధి జాతి అన్నాను. అలాంటి జాతి వాళ్ళ పట్టీలో లేదట. మరి వీధిలో ఇన్ని ఎక్కడివి? అదీ నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చి బొగ్గుతో అన్నాను.

నీ ఇంటాయన

*

ఇల్లాలికి,

ఒళ్ళు మండిపోతోంది. పోయిన ఉత్తరంలో రాసిందంతా ఒక్కటొక్కటే చేయించానా? ఇప్పుడు అదంతా బూడిదలో పోసిన పన్నీరు.

సూదికి ముందు చిప్పు పడాలని కాగితాలావిడ చెప్పింది కదా. పశువుల డాక్టరు దగ్గర ఆ రోజు చిప్పులు అయిపోయాయి. "ముందు సూది వేసేద్దాం తాతా. చిప్పు పెట్టేటప్పుడు ఇది నన్ను కరిచిందనుకో, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. "చిప్పు ముందండీ" అన్నాను. మెల్లగా అన్నాను. ఆయన అప్పటికే సూదిలోకి మందు ఎక్కించేశాడు. ఇంకోసారి గట్టిగా అనడం నా వల్ల కాలేదు. చిప్పు ఆ తర్వాతి వారం పెట్టాడు. రక్తం తీశాడు. చీటీ వచ్చింది. అన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని పెళ్ళికొడుకులా వెళ్ళాను.

కాగితాలావిడ తేదీలు చూసి మూతి విరిచింది. "సూది ముందు పడింది. చెల్లదు."

"సూది పడింది దీనికేనమ్మా. నేనే పట్టుకున్నాను."

"అప్పటికి దీనికి నంబరు లేదుగా, తాతగారూ. సూది వేరే కుక్కకు పడి ఉండొచ్చు."

"వేరే కుక్కయితే నా చెప్పు నోట కరుచుకుని మీ ఆఫీసు దాకా వస్తుందా?"

అప్పుడు చూసింది బల్ల కిందకి. నేను ఒంటికాలి చెప్పుతో నిలబడ్డానని ఆవిడకి అప్పుడే తెలిసింది. అయినా చెల్లదంది. మళ్ళీ సూది, మళ్ళీ నెల, మళ్ళీ రక్తం, మళ్ళీ మూడు నెలలు. బొగ్గు ఏం నేరం చేసింది? వరసగా నిలబెట్టి పొడుస్తుంటే కిక్కురుమనలేదు. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ దేనికీ అరవడం లేదు. నీ మంచం కింద దూరి పడుకుంటుంది. గిన్నె నేను చూస్తుంటే ముట్టదు.

ఈలోగా ఒక్క పని మాత్రం నా చేతిలో ఉంది. విమానంలో కుక్క ప్రయాణం చేసే పెట్టె. అది లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, పడుకోవాలి, నాలుగు వైపులా గాలి ఆడాలి. నీళ్ళగిన్నె బయటి నుంచే నింపేలా ఉండాలి. దుకాణంలో ప్లాస్టిక్‌వి అమ్ముతున్నారు, బొమ్మరిళ్ళలా ఉన్నాయి. చెక్కపెట్టె కూడా పనికొస్తుందని కాగితాలావిడే చెప్పింది. ఆవిడ నాకు చేసిన ఉపకారం అదొక్కటే. జీవితమంతా వడ్రంగం చేసినవాడు కుక్కకు పెట్టె కొంటాడా? బొగ్గును బల్ల మీద నిలబెట్టి టేపు పెట్టి కొలిచాను. ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి నెత్తి దాకా. అటూ ఇటూ కాస్త వదిలి కోశాను. అంచులన్నీ గీరుకోకుండా చిత్రిక పట్టాను. తలుపు మడతబందులు చప్పుడు చెయ్యకుండా నూనె వేశాను. దర్జీ చెల్లెమ్మ లోపల పరుపు కుట్టి ఇచ్చింది. "అన్నయ్యా, ఇంత మంచి గది మీ బావకి ఇప్పించు, నేను హాయిగా ఉంటాను" అంది.

దీనికైతే వంక పెట్టేవాడు పుట్టలేదు.

నీ ఇంటాయన

*

నీకు,

వంక పెట్టేశారు.

విమానం ఎందుకు ఎక్కలేదో దర్జీ చెల్లెమ్మ నీకు చెప్పే ఉంటుంది. ఆవిడ నవ్వుతూ చెప్పి ఉంటుంది. నాకు నవ్వు రావడం లేదు. నేను చెప్పేది విను.

కాగితాలన్నీ సరిపోయాయి. బయల్దేరేముందు బొగ్గు కడుపులో నులిపురుగుల మందు డాక్టరు కళ్ళెదుట మింగింది. ఆరోగ్యంగా ఉందని ఆయన చీటీ రాశాడు. విమానాశ్రయంలో సామాను తూచే అమ్మాయి అన్నీ తిరగేసి, "కుక్కను పెట్టెలో నిలబెట్టండి సార్" అంది. నిలబెట్టాను. నెత్తికీ పైచెక్కకూ మధ్య సందు ఉంది. ఆ అమ్మాయి వంగి చూసి, "పెట్టె ఎక్కడ కొన్నారు, చాలా బాగుంది" అంది. నేనే చేశానని చెప్పబోయాను. అంతలో మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన చెల్లెమ్మ ఫోను మోగింది. నువ్వే. ఆవిడ గట్టిగా వినబడేలా పెట్టి, "మీ ఆయనా రెడీ, మీ కుక్కా రెడీ వదినా" అంటూ పెట్టె దగ్గర పట్టుకుంది. నువ్వు ఒక్కటే మాట అన్నావు. "ఏరా బొగ్గూ!"

దాని చెవులు లేచాయి.

నువ్వు వెళ్ళాక అది నీ గొంతు వినలేదు. బట్టలకు బొచ్చు అంటుకుంటుందని చెల్లెమ్మ దాన్ని తన గదిలోకి రానివ్వదు కదా. రెండు చెవులూ బాకుల్లా లేచి నిలబడి, పైచెక్కకు తగిలి వంగాయి. ఆ అమ్మాయి చూసింది.

"సార్, చెవులు తగులుతున్నాయి."

"ఇప్పుడే లేచాయమ్మా. పడిపోతాయి."

"లేచినప్పుడు కూడా తగలకూడదు సార్. రూలు."

"చెవులకి కూడా వీసా కావాలా తల్లీ?" అంది చెల్లెమ్మ. ఆ అమ్మాయి నవ్వింది గాని వదల్లేదు. పైవాడెవరినో పిలిచింది, ఆయనా వంగి చూశాడు. తోక ఊపుతూ బొగ్గు వాళ్ళకు ఇంకా బాగా చూపించింది. ఆ విమానం మేం లేకుండానే వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి మీద కోపం లేదు. తప్పు నా కొలతదే. ఎండాకాలంలో కొలిచిన తలుపుకు వానాకాలానికి సందు వదలాలి, చెక్క ఉబ్బుతుంది. ఇన్ని గుమ్మాలకు వదిలిన నేను బొగ్గుకు వదల్లేదు. బెంగ పెట్టుకుని చెవులు వేలాడేసుకున్న కుక్కను కొలిచి, అదే దాని ఎత్తనుకున్నాను.

కోపం నీ మీద. రాసేస్తున్నాను, ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను. చీటీ రాసే ముందు డాక్టరు బొగ్గు గురించి నన్ను ఎన్ని అడిగాడో తెలుసా? కొత్త మనుషులంటే భయమా? ఇల్లు మారితే బెంగ పెట్టుకునే రకమా? తిండి మానేస్తుందా? దానికి ఈ ప్రయాణం మంచిదేనంటారా? ఒక వీధికుక్క కోసం ఇంతమంది, ఇన్ని నెలలు, ఇన్ని ప్రశ్నలు. నన్ను ఎవరడిగారు? ఈ వయసులో నా బల్లా, ఉలులూ, నేను పెట్టిన కిటికీలున్న ఈ వీధీ వదిలి, మాట తెలియని దేశానికి రావడం నాకు ఇష్టమో కాదో ఒక్క ప్రాణి అడిగిందా? నువ్వు అడిగావా? మీ చెల్లెలికి బాగోలేదు, వెళ్ళాలి, వెళ్ళావు. నేను వద్దనలేదు, అనను కూడా. కాని తిరిగి రానని అక్కడికెళ్ళాక ఫోన్లో చెప్పావు. అదీ చెల్లెమ్మ ముందు. నేను "సరే" అన్నాను. అంతే కదా నాకు వచ్చిన మాట.

డాక్టరు చీటీ పదిరోజులకే పనికొస్తుంది, అదీ పోయినట్టే. పెట్టె ఒక మూల పడేశాను. మేం రావడం లేదు. నేనూ బొగ్గూ ఇక్కడే ఉంటాం.

ఇట్లు

*

ఏమండీ,

మన కాపురంలో మీరు నాతో మాట్లాడినవన్నీ కలిపినా ఆ ఉత్తరమంత కాదు. అందుకని ముందు మురిసిపోయి చదివాను. మళ్ళీ చదివితే ఏడుపొచ్చింది. ఇంకోసారి చదివేసరికి ఒళ్ళు మండింది.

నేను అడగలేదా? చెల్లెలు పడి తుంటి విరిగిందని కబురొచ్చిన సాయంత్రం మీ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాను. "ఏం చేద్దామండీ, వెళ్ళమంటారా?" అన్నాను. చిత్రిక పడుతూనే "నీ ఇష్టం" అన్నారు. తలెత్తలేదు. "దానికి నేను తప్ప ఎవరూ లేరు. వెళ్తే ఇక అక్కడే ఉండిపోవాల్సొస్తుందేమో. మీరూ వస్తారా?" అన్నాను. "చూద్దాంలే, నీ ఇష్టం" అన్నారు. ఇంకో మాట వస్తుందేమోనని చెక్కపొట్టు నా పాదాలు కప్పేదాకా అక్కడే ఉన్నాను. వెళ్ళొద్దని ఒక్క మాట అంటే మీతో పోట్లాడేదాన్ని. పోట్లాడి అయినా వెళ్ళేదాన్ని. కాని నన్ను ఆపేవాడు ఒకడున్నాడన్న తృప్తితో వెళ్ళేదాన్ని.

బొగ్గును తెమ్మన్నది కుక్క మీద ప్రేమతోననుకున్నారా? ప్రేమే, కాదనను. కాని మిమ్మల్ని రమ్మంటే "చూద్దాంలే" అంటారు. కుక్కను తెమ్మంటే తెస్తారు. ఈ కిటుకు తట్టడానికి నాకు ఇంత వయసొచ్చింది.

చెల్లెలు పక్కనే ఉండి చదివించుకుంటోంది. "తుంటి నేను కావాలని విరగ్గొట్టుకోలేదని బావకి రాయవే" అంటోంది.

సరే, ఎవరూ అడగలేదన్నారుగా, డాక్టరు కుక్కను అడిగినట్టే అడుగుతున్నాను. మీకు కొత్త మనుషులంటే భయమా? ఇల్లు మారితే బెంగ పెట్టుకుంటారా? తిండి మానేస్తారా? మీరు వస్తారా, రారా? రానంటే రానని రాయండి. చెల్లెలు నడిచేదాకా చూసి, దీన్నే ఎలాగో ఒప్పించి అక్కడికి తెచ్చుకునే దారి వెతుకుతాను. అంతేగాని "నీ ఇష్టం" అని రాశారంటే మాత్రం ఊరుకోను.

మీ ఇల్లాలు

*

ఏమే,

నువ్వు అడిగినవాటికి జవాబులు.

కొత్త మనుషులంటే భయమే. పాతవాళ్ళన్నా భయమే. బెంగ పెట్టుకుంటాను, ఇక్కడున్నా అక్కడున్నా. తిండి నువ్వు వెళ్ళినప్పటి నుంచీ అంతంతమాత్రం. ఆ సాయంత్రం నువ్వు బల్ల దగ్గర అంతసేపు ఉన్నావని నాకు తెలుసు. వెళ్ళొద్దు అనాలనే ఉంది. అంటే నువ్వు ఆగిపోతావేమో, మరదలు ఒంటరిదైపోతుందేమో అనిపించింది. అందుకని చిత్రిక పట్టాను. ఆ చెక్క పల్చబడి దేనికీ పనికిరాకుండా పోయింది.

వస్తాను. ఇది నేనంటున్న మాట.

కాగితాలావిడ మీద కోపం మాత్రం పోలేదు. నిన్న మళ్ళీ వెళ్ళాను. ఇదివరకటి సూదీ రక్తం చీటీ చెల్లుతాయని, నులిపురుగుల మందూ డాక్టరు చీటీ కొత్తగా కావాలని అంది. గట్టిగా రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. బల్ల అవతల ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. చూడనీ.

పెట్టె పైచెక్క ఊడదీశాను. ఎంత ఎత్తు పెంచాలో తేలడం లేదు. నేను ఎంత పిలిచినా దాని చెవులు లేవవు. నీ గొంతు తెచ్చుకుని "ఏరా బొగ్గూ" అని కూడా అన్నాను. అది నా మొహంలోకి జాలిగా చూసింది. చెల్లెమ్మ కిటికీలోంచి విని, "అన్నయ్యా, ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

ఆదివారం పొద్దున ఆవిడ తన ఫోను తెచ్చి నా బల్ల మీద పెడతానంది. నువ్వు దాన్ని పిలు. నేను టేపు పట్టుకుని ఉంటాను. ఒక్కసారి పిలిచి ఊరుకోకు, ఈసారి కొలత తప్పకూడదు. నేను చాలు అనేదాకా మాట్లాడుతూనే ఉండు.

నేను తొందరగా అననులే.

నీ మొగుడు