తువ్వాలుతో తుడిచిన బొట్టు

మంగళవారం, రాత్రి.

ఊళ్లో ముస్లింల మీద గొడవలు మొదలయ్యాక తన్లిన్ వంతెన దగ్గర పోలీసులు కార్లు ఆపుతున్నారు. ఇవాళ ముందున్న మూడు కార్లనీ చెయ్యూపి పంపేసి, మా అల్లుడు అప్పన్న టాక్సీ ఒక్కటే ఆపారు. మా నల్ల మొహాలు చూసే ఆపారు. వాళ్లు దగ్గరికొచ్చేలోపు నాకు భయమేసి, నుదుటి బొట్టు తువ్వాలుతో తుడిచేసుకున్నాను. బొట్టు లేకపోతే మామీద చూపు పడదేమోనని ఆశ.

"కలా, దిగు," అన్నాడు పోలీసు. ఇండియా నుంచి వచ్చిన మనవాళ్లని బర్మావాళ్లు తిట్టే మాట అదే. అప్పన్న దిగి గుర్తింపు కార్డు చూపించాడు.

"హిందువని రాసుంది. నిన్ను చూస్తే ముస్లింలా ఉన్నావే?"

"హిందువునేనండి. మా మావ బొట్టు చూడండి."

పోలీసు వంగి నా నుదురు చూశాడు. "ఏదీ?" అన్నాడు. తువ్వాలు ఒళ్లో దాచుకున్నాను. దొంగ కార్డని అప్పన్నను తీసుకుపోయారు. రేపు పొద్దున్న నన్ను స్టేషనుకు రమ్మన్నారు.

అమ్మాయికి అన్నీ చెప్పాను, అదొక్కటి తప్ప. అన్నం పెడుతూ నా నుదురు చూసింది.

"సెమటకి బొట్టు పోయినాది నాన్నా. రేపు పెద్దది ఎట్టుకుని ఎల్లు. ఆల్లకి కనపడాల."

సరేనన్నాను. తువ్వాలు తను చూడకముందే నేనే ఉతికి ఆరేశాను.