మూడో ఆల్బమ్

గుల్షన్‌కి అన్న అన్వర్ దువా. ఇక్కడ తిండికీ పనికీ లోటు లేదని అమ్మకి చదివి వినిపించు. కింది ముక్క నీ ఒక్కదానికే.

ఏటా డిసెంబరులో మనం ఎంచే మూడు ఆల్బమ్‌లలో ఈసారి మొదటిది ఆ కొరియా అమ్మాయిలది, రెండోది మన ఒంగోలు కుర్రాడి ర్యాప్. మూడోది నేను తేల్చలేను.

జిన్నింగ్ మిల్లు మోతకి ఇక్కడ అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మోతని మించి పాటలు వినేవాణ్ణి. మొన్న పత్తి ట్రాక్టరు వెనక్కి వస్తుంటే మేస్త్రి వెంకటనారాయణ గారు నన్ను చొక్కా పట్టి లాగారు. "ఏరా, వినపడట్లేదా?" అన్నారని పెదాలు చూస్తే తెలిసింది. దూది తీసేద్దామని నా చెవిలో వేలు పెట్టారు. దూది లేదు. పోయిన వినికిడి ఇక రాదని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు.

నీకిష్టమైన గాయని ఆల్బమ్ పోయిన నెల వచ్చింది. పక్కింటి ఉజ్మా ఫోన్‌లో విని ఎలా ఉందో రాయి. నువ్వు బాగుందంటే మూడోది అదే.

అమ్మ కళ్ళజోడు మార్పించావా? తనకి నా సలాం చెప్పు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నానమ్మా, తిన్నాను" అని పెట్టేస్తున్నాను. తను ఏం అడుగుతోందో అది కూడా రాయి.