కోటు తొడిగిన బొమ్మ

ఏథెన్సు, ఏప్రిల్ 1906

అమ్మా, నీ చేతులు కళ్లకద్దుకుని రాస్తున్నాను. అన్నయ్యా నేనూ కులాసా. ఈ కార్డు నీకు చదివి వినిపిస్తున్న ఫాదరు గారిని ఈ మాట దగ్గర్నుంచి గొంతు తగ్గించి చదవమను.

దేశదేశాల వాళ్లు వచ్చిన ఈ పిస్తోలు పోటీల్లో నిన్న గుండ్రటి పలక మీద కాల్చారు. అన్నయ్య చెయ్యి వణికి బాగా వెనకబడ్డాడు. ఇవాళ పలకకు బదులు, నల్లకోటు తొడిగిన మనిషి బొమ్మను నిలబెట్టారు. తూటాలన్నీ రొమ్ములోనే దిగాయి. "భేష్‌రా మానీ సీమ బిడ్డా! దర్జీకి పని పెట్టావు!" అని జనం ఒకటే కేకలు. నేనూ చప్పట్లు కొట్టాను. తిరిగి వస్తూ, "నిన్న వణికిన చెయ్యి ఇవాళ ఎలా నిలిచింది అన్నయ్యా?" అని అడిగాను.

"అది బొమ్మని నీకెవరు చెప్పారే, పిచ్చిదానా? నాన్నను కాల్చిన ఆ యానకోస్‌గాడు ఆదివారం గుడికి అలాంటి కోటే వేసుకొస్తాడు" అని నవ్వాడు. బసకు రాగానే ఈ కార్డు రాయడానికి కూర్చున్నాను.

మేక ఈనిందా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? శనివారం పడవకు వస్తాం. మావయ్యను రేవుకు పంపు. అన్నయ్యను తిన్నగా ఇంటికి తీసుకురమ్మను, బజారు దారిన వద్దు.

నాన్న నెత్తుటి చొక్కాను అన్నయ్య కోసం పెట్టెలో ఎందుకు దాచావో నాకు తెలుసమ్మా. మేము వచ్చేలోగా దాన్ని ఉతికి ఆరెయ్యి. నీకు చేతులు రాకపోతే తాళంచెవి మావయ్యకివ్వు, నేను వచ్చి ఉతుకుతాను.

మరియమ్మ తల్లి మన ముగ్గుర్నీ మిగల్చాలి.

నీ స్తవ్రూలా