మిల్లు నడుమ గోడ

ఆత్మకూరు,
12-6-1994

చిరంజీవి మల్లికార్జునానికి మీ వదిన ఆశీస్సులు.

ఉదయగిరి రోడ్డులో మనం కట్టబోయే వేరుశనగ నూనె మిల్లుకు నువ్వు నెల్లూరు నుంచి పంపిన ప్లాను చూశాను. మిల్లు నడుమ నిలువునా గోడ పెట్టావు. దక్షిణం వైపు మీ అన్నది, ఉత్తరం వైపు నీది. కాయలు ఒలిచే మిషను ఆయన వైపు, నూనె ఆడే మిషను నీ వైపు, నూనె వడకట్టే గది మళ్లీ ఆయన వైపు. ఆ గోడకు ఒక్క వాకిలి లేదు.

వరండాలో సుద్దముక్కతో ఆ ప్లాను గీసి, చేటలో పప్పు పోసుకుని నడిచి చూశాను. ఒలిచిన పప్పు నీ మిషనుకు చేరాలంటే గేటు దాటి రోడ్డెక్కి రావాలి. నూనె డబ్బాలు ఆ రోడ్డు వెంబడే వెనక్కి పోవాలి. కూలికి వచ్చే ఆడవాళ్లు ఎండలో, వానలో మోస్తూ తిరగాలి. ఇది నూనె తీసే ఏర్పాటు కాదు. మొదటి బస్తా దిగకముందే, విడిపోయే రోజుకు చేసుకున్న ఏర్పాటు.

మీ అన్నకు చూపిస్తే, "ముందు అది తుడిచెయ్యి. అమ్మ చూస్తాది" అన్నారు. నువ్వు నొచ్చుకుంటావని గోడ సంగతి ఎత్తనే లేదు.

నేను తడిగుడ్డ తెచ్చేలోపల అత్తయ్య రానే వచ్చింది. గీతల మధ్య నిలబడి, "ఏందే ఇది? నా బిడ్డలు ఇల్లు పంచుకుంటా ఉండారా?" అని అడిగింది. ఇల్లు కాదు, మిల్లని చెప్పాను.

"మిల్లయితే నడుమ గోడెందుకే?" అంది.

పునాది తవ్వకముందే వచ్చి, ఆమె ఎదుట కూర్చుని నువ్వే చెప్పు.

మీ వదిన