పోలయ్య దాచిన నీటిమాత్రలు

తమ్ముడూ,

మనవరాలు నీలవేణికి పురిటినొప్పులు మొదలయ్యాయట. అచ్యుతాపురం వెళ్తున్నాను. హార్బర్ నుంచి రాగానే ముందు నీటిమాత్ర వేసుకో. మానేసినవన్నీ కలిపి వేసుకోకు, ఒక్కటే. గంజి పొయ్యి మీద ఉంది. ఎండుచేప మాత్రం ముట్టుకోకు.

నిన్న నీ వలసూదుల డబ్బాలో మాత్రలు కనిపించాయి. అడిగితే, "మంచినీళ్లు పారబోసుకోడానికి మందేటి, అప్పా? బోటు మీద సుక్క సుక్క దాసుకున్నోణ్ని" అని నవ్వావు. ఇది దాచుకునే నీరు కాదురా. పుస్తకంలో చదివాను. నీకులా గుండె నీరసపడి రక్తం సరిగా అందకపోతే, ఒళ్లు ఎండిపోతోందని కిడ్నీ భయపడుతుందట. రెనిన్ అనే ఎంజైమును వదిలి, ఉప్పునీ నీటినీ పోనివ్వకుండా పట్టుకుంటుందట. ఆ నీరే నీ కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. ఉప్పు తిరిగి ఒంట్లోకి వచ్చే దారిని కిడ్నీ కణాల్లో ఈ మాత్ర మూసేస్తుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంటే నీరు పోతుంది.

ఆ కిడ్నీ భయం నాకు తెలుసు. మీ బావ సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాని నాటి నుంచి నేనూ అందరినీ అలాగే పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు నిన్ను ఒక్కణ్ని వదిలి గడప దాటడానికి కాళ్లు రావడం లేదు. ఆటో వచ్చేసింది.

అప్ప

ఫోన్ చెయ్యి. మాత్ర వేసుకున్నావా అని అడగను. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, నీ ఊపిరి వింటాను.