లూయీ గారి ఇఖామా నంబరు

జిద్దా

తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారాలతో,

మన సాంస్కృతిక విభాగం ఈసారి ఉత్తరాల పోటీ పెడుతోంది. వాట్సాప్‌లో వేళ్లు అరగదీసుకున్నవాళ్లంతా మళ్లీ పెన్ను పట్టాలని మా ఆశ. బహుమతి ఇచ్చేది ట్రావెల్ ఏజెన్సీ కాబట్టి అంశం కూడా వాళ్లు చెప్పిందే: విమానాలు తయారుచేసిన ఒక మహనీయుడి జీవితం. మూడు ఉత్తరాలు, చేతిరాతతో. ఆయన ఇంటిపేరు, దేశం, సంవత్సరాలు రాయకూడదు. మన పక్క గదిలో ఉంటున్న మనిషి గురించి రాసినట్టు ఉండాలి. మొదటి బహుమతి ఇంటికి రానుపోను విమానం టికెట్టు.

ఉత్తరాలను మీ ఊరి బకాలా కిరాణా కొట్లో ఉన్న సంఘం పెట్టెలో వేయండి. పోటీ చీటీని పిన్నుతో జతచేయండి. సహాయ విభాగానికి వచ్చే అర్జీలు కూడా ఆ పెట్టెలోనే పడతాయి. కంగారు పడకండి, మేం వేరు చేసుకుంటాం.

మీ అక్షరాల కోసం ఎదురుచూసే,
షబానా

*

రాబిగ్, శుక్రవారం

సంఘం పెద్దలకు జగిత్యాల మల్లేశం దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, ఒక కాలు తప్ప. అక్కడ మీరు రెండు కాళ్లతో క్షేమమని తలుస్తాను.

రిఫైనరీలో నాది దీపాల మెయింటెనెన్సు. పైపుల మీదికెక్కి మాడిపోయిన లైట్లు మారుస్తాను. ఆ టికెట్టు నాకెంత అవసరమో ముందే చెబితే దాపరికం ఉండదు. నా బిడ్డ ఊర్మిలకు మూడేళ్లు నిండాయి. నేను ఇల్లు వదిలిన మూడో నెలలో పుట్టింది. సెలవు దగ్గరికొచ్చేసరికి కంపెనీ మారాల్సి వచ్చి లెక్క మళ్లీ మొదటికొచ్చింది. దాని దృష్టిలో నాన్న అంటే ఫోన్. ఫోన్‌కి ముద్దు పెడుతుంది, ఫోన్‌కి అన్నం తినిపిస్తుంది. నా భార్య శ్రీలత రోజూ ఫోన్‌లో నా మొహం మీది పప్పు తుడుస్తుంది.

ఇక లూయీ గారి సంగతి. ఆయనది కూడా మొదట దీపాల పనే, అందుకే నాకాయన మీద మమకారం. కార్లకు ముందు పెట్టే దీపాలు చేసి బాగా సంపాదించాడు. హాయిగా తిని కూర్చోవచ్చు కదా? కూర్చోడు. విమానం చేస్తానంటాడు. మొదటిది పక్షిలా రెక్కలు ఆడించేది. రెక్కలు ఆడాయి గాని అది లేవలేదు. ఇంకోదాన్ని నది మీద పడవతో లాగిస్తే మునిగిపోయింది, అందులో కూర్చున్న స్నేహితుడు చావు తప్పి బయటపడ్డాడు. ఒకటి విరిగితే ఇంకొకటి, దానికో నంబరు. ఇప్పుడు పదకొండో నంబరు నడుస్తోంది. దీపాల మీద వచ్చిందంతా ఇట్లా కరిగిపోతున్నా ఇంట్లో ఆలిస్ గారు ఓపిక పడుతోంది. మా శ్రీలత అయితే రెండో నంబరుకే పుట్టింటికి పోయేది.

మీ దయ కోరే,
మల్లేశం

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. కాలు బకెట్లో పెట్టుకుని రాస్తున్నాను. గదిలో మిరపకాయ బజ్జీలు వేస్తుంటే కాగిన నూనె పాదం మీద ఒలికింది. గదిలో వంట నిషేధం కాబట్టి ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి. బజ్జీలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరాయి.

*

జిద్దా, మంగళవారం

చిరంజీవి మల్లేశానికి సహాయ విభాగం కార్యదర్శి మునిస్వామి దీవించి రాయునది.

నాయనా, నీ అర్జీ అందింది. పిన్ను ఉంది గాని దానికి గుచ్చిన కాగితం లేదు. నీళ్ల బండిలో ఉత్తరాలు తెచ్చే ఇర్ఫాన్‌ని అడిగితే "కాగజ్ గిర్ గయా హోగా సాబ్" అన్నాడు, ఎక్కడో పడిపోయి ఉంటుందట. పర్వాలేదు, విషయం అర్థమైంది. నీ టికెట్టు తర్వాత చూద్దాం. ముందు ప్రాణం మీదికొచ్చిన కేసు చూడాలి కదా. అంటే మీ లూయీ.

ఇరవై ఆరేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి, రోడ్డు మీద అదే కఫీల్ కారు ఆపి లిఫ్ట్ అడిగినవాణ్ణి చూశాను. రాస్ తనూరాలో ఒకతను ఇంటి బెంగతో గదిలో బస్సు సీటు బిగించుకుని, రోజూ గంటసేపు అందులో కూర్చుని తిరుపతి వెళ్లొచ్చేవాడు. విమానం కేసు మాత్రం నాకిదే మొదలు. క్యాంపులో ఒక మనిషి పదకొండు విమానాలు చేసేదాకా మీ క్యాంప్ బాస్ ఏం చేస్తున్నట్టు?

ఈ వివరాలు వెంటనే రాయి. లూయీకి ఇక్కడ ఉండే అనుమతి ఉందా, ఉంటే ఇఖామా నంబరు ఎంత? కఫీల్ ఎవరు? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? ఇన్సూరెన్సు ఉందా? ఏ జిల్లా మనిషి?

మీ మేలు కోరే,
మునిస్వామి

తా.క. గదిలో వంట తప్పు. అది అట్లా ఉంచి, పిండిలో వాము వేశావా లేదా?

*

రాబిగ్, శుక్రవారం

మునిస్వామి సార్ గారికి మల్లేశం భయభక్తులతో రాస్తున్నది.

టికెట్టుకు పోటీ గట్టిగా ఉంటుందని తెలుసు గాని, మీరు ఇంత లోతుగా అడుగుతారనుకోలేదు. భోజనం వేళల్లో మెట్ల కింద, వైఫై అందే చోట కూర్చుని అంతా వెతికాను. లూయీ గారు ఇఖామా తీసుకున్నట్టు ఎక్కడా లేదు. ఆయనకు కఫీల్ లేడు, ఆయనే పదిమందికి కఫీల్ లాంటివాడు. పాస్‌పోర్టు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇన్సూరెన్సు తెలియదు గాని, విమానం పడేటప్పుడు రెక్క మీదికి దూకాలన్నది ఆయన పద్ధతి. రెక్క విరుగుతుంది, మనిషి మిగులుతాడు. జిల్లా రాయకూడదు కదా సార్, మీరే అడిగితే ఎట్లా?

ఇప్పుడు అసలు కథ. ఈ మధ్య ఆయన కాలు కాలింది. ఇంజను గొట్టం మీది కప్పు ఊడిపోయి వేడి లోహం పాదానికి తగిలింది. అయినా విమానం దింపలేదు. ఇప్పుడు చంకల కింద కర్రలు పెట్టుకుని నడుస్తూ, సముద్రం దాటుతానంటున్నాడు! మొదట దాటినవాళ్లకు ఒక పత్రిక బహుమతి ఇస్తుందట. మొన్ననే ఇంకొకాయన దాటబోయి నీళ్లలో పడ్డాడు. ఓడ వెళ్లేసరికి విమానం మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడట. అది చూసి కూడా మన లూయీ గారికి బుద్ధి రాలేదు. ఆదివారం పొద్దు పొడవగానే బయలుదేరతాడు. దిక్సూచి లేదు. "నడవలేకపోయినా ఎగరగలను" అంటున్నాడు. నాకైతే ప్రాణమంతా ఆ మనిషి మీదే ఉంది.

మీ తీర్పు కోసం చూసే,
మల్లేశం

తా.క. వాము వేశాను సార్. కాలు బూటులో పట్టడం లేదు. మా గదిలో ఉండే పీరయ్య తన పదో నంబరు బూటు ఒకటి ఇచ్చాడు. "మల్లేశం, నీ కాళ్లు అన్నదమ్ముల లెక్క అయినయిరా, ఒకటి పెద్దది ఒకటి సిన్నది" అని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను గాని నిచ్చెన ఎక్కేటప్పుడు నవ్వు రావడం లేదు.

*

జిద్దా, శనివారం, అర్జెంటు

మల్లేశానికి మునిస్వామి ఆదరాబాదరాగా రాయునది.

నీ ఉత్తరం చదివి బీపీ మాత్ర రెండోది వేసుకున్నాను. రాబిగ్‌కి ఎదురుగా సముద్రం అవతల ఉన్నది సూడాన్! అక్కడ మన సంఘానికి శాఖ లేదు. ఎగ్జిట్ స్టాంపు లేకుండా దాటితే పారిపోయినవాడని రాసేస్తారు. ఇఖామా లేదు, పాస్‌పోర్టు లేదు, కాలు కాలింది, జిల్లా చెప్పకూడదని బెదిరించారు. ఇంతకన్నా ఘోరమైన కేసు నా సర్వీసులో లేదు.

మీ క్యాంప్ బాస్‌కి ఫోన్ చేస్తే ఉమ్రా యాత్రకి మక్కా వెళ్లాడన్నారు, గురువారం గాని రాడు. నువ్వేమో ఫోన్ నంబరు రాయవు. అందాకా లూయీని నువ్వే ఆపాలి. పెట్రోలు దాచెయ్. కర్రలు దాచెయ్. గురువారం నేను బాస్‌తో మాట్లాడి కాలిన కాలు మనిషిని పట్టిస్తాను. ఫైలు తెరిచాను, నంబరు 117. అత్యవసర టికెట్టుకు కమిటీ ఒప్పుకుంది. మనిషిని ఇంటికి చేర్చకుండా నేను ఫైలు మూసింది లేదు.

దేవుడి మీద భారం వేసిన,
మునిస్వామి

తా.క. అతనికి బజ్జీలు పెట్టు. కడుపు నిండినవాడు సముద్రం జోలికి పోడు.

*

రాబిగ్, గురువారం

మునిస్వామి సార్ గారికి మల్లేశం సంతోషంతో రాస్తున్నది.

మీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైంది సార్. లూయీ గారు దాటేశాడు! మీరు పెట్రోలు దాచమన్నారు, నేనెట్లా దాచేది? మీరు ఈ కథలో ఇంత మునిగిపోయినందుకు కళ్లు చెమ్మగిల్లాయి. సూడాన్ ఎందుకన్నారో మాత్రం అర్థం కాలేదు. మెలిక ప్రశ్నేమోనని సూడాన్ గురించి కూడా చదివి పెట్టుకున్నాను.

ముప్పయ్యారు నిమిషాలు పట్టిందట. మధ్యలో కాసేపు ఏ ఒడ్డూ కనబడలేదు. ఇంజను వేడెక్కితే వాన జల్లు పడి చల్లబడిందంటారు. అవతల ఒకాయన జెండా ఊపితే ఆ గడ్డి మీదికి దించాడు. చక్రాలు విరిగాయి, పంకా విరిగింది, ఆయన విరగలేదు. ఆలిస్ గారు పాపం ఓడెక్కి వెనకాలే బయలుదేరింది.

దిగగానే ఏమైందో చెబితే నవ్వుతారు. కస్టమ్స్ మనిషి వచ్చాడు! ఆకాశంలోంచి ఊడిపడ్డవాడికి ఏ ఫారం నింపాలో తెలియక ఓడల ఫారం తీశాడు. విమానమే ఓడ, ఈయనే దాని యజమాని, ఓడలో అంటురోగాలేవీ లేవు అని రాసి ఇచ్చాడు. ఎగ్జిట్ లేకపోయినా ఎంట్రీ దొరికింది సార్! ఆ తర్వాత అట్లాంటి విమానం మాకూ కావాలని నూటికి పైగా ఆర్డర్లు వచ్చాయి. అన్నిసార్లు పడ్డవాడు చేసినదాన్ని జనం నమ్మి కొనుక్కున్నారు. నాకదే గొప్పగా అనిపించింది.

ఇదే నా మూడో ఉత్తరం. ఇక మీ దయ, ఊర్మిల అదృష్టం.
మల్లేశం

తా.క. క్యాంప్ బాస్‌తో మాట్లాడతానన్నారు, బజ్జీల గురించి కాదు కదా? ఇది రాస్తుండగానే ఆయన బయట విజిల్ వేస్తున్నాడు. అందరినీ బూట్లు విప్పి వరసలో నిలబడమంటున్నాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. నాకు జ్వరంగా ఉంది. నా బదులు పీరయ్య రెండుసార్లు నిలబడతానంటున్నాడు.

*

జిద్దా, సోమవారం

రాబిగ్ ఆసుపత్రిలో ఉన్న మల్లేశానికి మునిస్వామి తలవంచుకుని రాయునది.

నాయనా, మీ క్యాంపులో రెండువందల ఆరుగురు, నాలుగువందల పన్నెండు కాళ్లు. కాలినది ఒక్కటే. "లూయీ దొరికాడు సార్, కానీ పేరు మల్లేశం అని బుకాయిస్తున్నాడు" అని మీ బాస్ ఫోన్ చేశాడు. నేను "వదలొద్దు, ముందు ఆసుపత్రికి తీసుకుపో" అన్నాను. ఇన్నాళ్లలో నేను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

మర్నాడు షబానా టీ తాగుతూ నా బల్ల మీది ఉత్తరాలు చూసి, "ఈయన చనిపోయి తొంభై ఏళ్లవుతోంది సార్, ఫ్రాన్సు ఆయన. ఇది పోటీ" అంది. నీ చీటీ ఇర్ఫాన్ సీటు కింద దొరికింది. ఈ కుర్చీలో కూర్చుంటే ప్రతి కాగితం అర్జీలాగే కనిపిస్తుంది, ఏం చేయను?

తర్వాత నీ ఉత్తరాలు మళ్లీ చదివాను, ఈసారి తాజాకలాలు మాత్రమే. అసలు అర్జీ అక్కడే ఉంది. ఎవరిదో తెలియని లూయీ కాలి కోసం మాత్రలు మింగాను. నీ కాలు బకెట్లో ఉందని నువ్వు రాస్తే, వాము వేశావా అని అడిగాను. ఇంకో వారం అయితే రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. నాకు చాలా సిగ్గుగా ఉంది.

పోటీలో నీకు బహుమతి రాలేదు. గడువు దాటింది, పైగా ఇఖామా గొడవంతా కథకు అడ్డమన్నారు. టికెట్టు హుఫూఫ్‌లో పనిచేసే చెంచులక్ష్మికి వచ్చింది. అయితే 117 నంబరు ఫైలు అట్లాగే ఉంది. పోయినవాడికి టికెట్టు ఇవ్వలేను, మనిషిని పంపకుండా ఫైలు మూయలేను. తీసి చూస్తే "దీపాల పని, కాలు కాలింది, ఇంటి దగ్గర భార్యాబిడ్డలు, వెంటనే పంపాలి" అని నా రాతే ఉంది. ఒక్క ముక్క మార్చలేదు. లూయీ పేరు కొట్టేసి నీ పేరు రాశాను. కంపెనీ నలభై రోజుల సెలవిచ్చింది. టికెట్టు ఇందులో పెట్టాను.

నీ పెద్దదిక్కు అనుకో,
మునిస్వామి

తా.క. టికెట్టును పిన్నుతో కాదు, జిగురుతో అంటించాను. బజ్జీల సంగతి ఫైల్లో రాయలేదు.

*

జగిత్యాల

మునిస్వామి సార్ గారికి మల్లేశం ఇంటి అరుగు మీద నుంచి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం.

నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఊర్మిల నన్ను చూసి పరుగెత్తి ఫోన్ తెచ్చుకుంది. అందులో నేను లేను. "నాన్న పోయిండు" అని ఒకటే ఏడుపు. ఎత్తుకోబోతే కరిచింది. శ్రీలతకు, నాకు ఏం చేయాలో తోచలేదు. చివరికి కుంటుకుంటూ ఇంటి వెనక్కి వెళ్లి వీడియో కాల్ చేశాను. ఏడుపు ఆగింది. మాట్లాడుతూనే మెల్లగా నడిచి దాని ముందుకొచ్చాను. ఫోన్ చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోన్ చూసింది. "అమ్మా, నాన్న దిగిండు" అంది.

అన్నం కలుపుకొచ్చి తినిపించింది సార్. ఈసారి నా నోట్లోనే పెట్టింది.

మీ ఫైలు ఇక మూసేయండి.
మల్లేశం

తా.క. కాలు మానుతోంది. ఈసారి ఇక్కడ దాచిందేమీ లేదు. శ్రీలత నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు, అదొక్కటే నా అర్జీ.