దక్కలేదన్న మాట

మొఘల్‌పురా
ఆదివారం, 9-7-1978

అన్నా, దండాలు.

లీలమ్మ తెచ్చిన గంప మూత వీధిలో తీయకు. లోపల కుక్క ఉంది. తలుపేసుకున్నాకే తీయి. బాలింత, చల్లగాలి తగలనీయకు.

శుక్రవారం వైకుంఠం సేటు "ఇంట్ల పురుడున్నది, జల్ది రా" అని కబురు పంపాడు. ఆయన ముగ్గురు పిల్లలకూ పురుడు పోసిన మంత్రసానిని కదా, ఇప్పుడు కోడలికేమో అనుకుని ఆముదం, దారం, కొత్త బ్లేడు పట్టుకుని పరుగెత్తాను. తీరా చూస్తే మేడ మీద రేకుల షెడ్డులో తెల్ల పామేరియన్ కుక్క. రెండేళ్లలో నాలుగో ఈత. పిల్లలు కళ్లు తెరవగానే అమ్మేస్తాడట. ఇలాంటి తల్లులు అక్కడ ఇంకా ఆరున్నాయి. వాటికేం చేయాలో నాకు తోచడం లేదు.

మూడు పిల్లలూ చచ్చే పుట్టాయి. సేటు తల్లి వంక చూడనైనా చూడలేదు. "మళ్ల ఎప్పుడు ఎదకొస్తది?" అన్నాడు. ఆ మాటకు నా ఒళ్లు మండింది. "తల్లి గూడ దక్కలే సేటూ" అనేశాను. దాన్ని పురుటి గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగాను. మైలగుడ్డ, ఎవరు విప్పి చూస్తారు?

నిన్న అది మా వాకిట్లో మొరిగింది. ఆ సంగతి సేటు చెవిన పడింది. ఈ సాయంత్రం వచ్చి ఇల్లు వెతుకుతాడట, నన్ను దీపం ముట్టి ప్రమాణం చేయమంటున్నాడు. ముప్పై ఏళ్లలో బతికినదాన్ని చచ్చిందని మొన్న తప్ప ఎన్నడూ చెప్పలేదన్నా. దీపం ముందు అసలే చెప్పలేను.

అందుకే గంప నీ ఇంట్లో దిగగానే లీలమ్మను వెనక్కి పంపు. ఆమె వచ్చి "చేరింది" అంటే చాలు. అప్పుడు దీపం ముట్టి, ఒక్క మాట కలిపి నిజమే చెబుతాను.

"తల్లి నీకు దక్కలే సేటూ."

నీ చెల్లెలు